పై అంతస్తు, బోరు నీళ్ళు: స్టోరేజి తీసేసి ఇన్‌స్టంట్ గీజర్ పెట్టొచ్చా?

కేఆర్‌పురం_కొత్తిల్లు: బెంగళూరులో పై అంతస్తు ఫ్లాట్. ట్యాంకు అడుగు షవర్‌కి 2 మీటర్ల పైన. రెండు బాత్‌రూములు, నలుగురం, 6 నుంచి 7:30 లోపు స్నానాలన్నీ అయిపోవాలి. రెండిట్లోనూ 15 లీటర్ల స్టోరేజి, 16 ఆంప్స్ పాయింటు, 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు ఉన్నాయి. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ మంచిదా, 4.5దా, గ్యాస్‌దా?

వైరు_సుబ్బయ్య: 4.5 ఆ పాయింటుకి వద్దు. 4500ని 230తో భాగిస్తే 19.5 ఆంప్స్. 16 ఆంప్స్ ప్లగ్గుతో రోజూ అంత లాగితే పిన్నులు వేడెక్కి, సాకెట్ లోపలి స్ప్రింగు పట్టు వదులుతుంది. పట్టు వదిలితే ఇంకా వేడి, చివరికి మాడిన వాసన. డీబీ (ఇంటి స్విచ్చుల పెట్టె) నుంచి విడిగా 4 స్క్వేర్ రాగి వైరు లాగించి, లోడు మించితే ఆపేసే 25 ఆంప్స్ ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ వేయించండి. గీజర్ దగ్గర ప్లగ్గు లేకుండా, ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి ఆపే డీపీ స్విచ్చి.

బకెట్_లెక్క: వైరు సంగతి తర్వాత, ముందు నీళ్ళ లెక్క చూడండి. డిసెంబరు పొద్దున నీళ్ళు 20 డిగ్రీలనుకుందాం, స్నానానికి 40 కావాలి. 3 కిలోవాట్లది నిమిషానికి 2.1 లీటర్లే ఇస్తుంది. 20 లీటర్ల బకెట్ నిండడానికి తొమ్మిదిన్నర నిమిషాలు. 4.5 అయినా 3.2 లీటర్లే, షవర్‌కి చాలదు. 3 లీటర్ల ఇన్‌స్టంట్ అని అమ్మేదానిలో ఆ మూడు లీటర్లే ముందుగా కాగి ఉంటాయి, తర్వాత మళ్ళీ అదే 2.1. చెన్నైలో నీళ్ళు 25 ఉంటే అదే గీజర్ 2.9 ఇస్తుంది. అక్కడివాళ్ళు మెచ్చుకున్నారని ఇక్కడ కొనకండి.

నీలిమంట: అందుకే గ్యాస్. 6 లీటర్లది నిమిషానికి 6 లీటర్లను 25 డిగ్రీలు పెంచుతుంది, అంటే 10.5 కిలోవాట్లు. కరెంటుతో అదే పని చేయాలంటే 45 ఆంప్స్ దాటుతుంది. దీనికి స్పార్కు కోసం రెండు పెద్ద సెల్లులు చాలు.

మల్లేశ్వరం_మామ: సోలార్ పెట్టుకోండి.

కేఆర్‌పురం_కొత్తిల్లు: టెర్రస్ అసోసియేషన్ చేతిలో ఉంది మామగారూ.

వైరు_సుబ్బయ్య: 2 మీటర్ల ఎత్తంటే 0.2 బార్ ప్రెషర్. చాలా గ్యాస్ గీజర్లు వెలిగేదానికి అది అంచు. దానికి తోడు ఇన్‌లెట్ జాలీలో ఇసుక చేరితే స్పార్కే రాదు. అప్పుడు ప్రెషర్ పంపు కొనాలి, దానికీ కరెంటే. ఇక 16 ఆంప్స్ ప్లగ్గు గురించి...

నీలిమంట: ప్లగ్గు వదలరా సుబ్బయ్యగారూ! ఆయన 4.5 కొంటానని అనలేదు, అడిగారంతే. మా బిల్డర్ ఎర్త్ వైరు డీబీ దాకా తేకుండానే తాళాలిచ్చాడు. రెండేళ్ళుగా అడుగుతున్నా. మీరేమో కరెంటే భద్రమంటారు.

బకెట్_లెక్క: బోరు నీళ్ళని మొదట్లోనే చెప్పారు, ఇద్దరూ వదిలేశారు. గ్యాస్ గీజర్‌లో నీళ్ళు సన్నటి రాగి గొట్టంలో పోతాయి. ఉప్పు పేరుకుంటే ముందు కుతకుత శబ్దం, తర్వాత ధార సన్నబడుతుంది. అప్పుడు గ్యాస్, నీళ్ళు కట్టేసి, లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, చిన్న పంపుతో 40 నిమిషాలు తిప్పి, మంచినీళ్ళతో బాగా కడగాలి. బాత్‌రూం యాసిడ్ పోయొద్దు, రాగిని తినేస్తుంది.

వైరు_సుబ్బయ్య: ఎర్త్ లేకపోతే అది వేయించాకే గీజర్. గ్యాస్‌ది మాత్రం బాత్‌రూంలో పెట్టనే కూడదు. గాలి చాలక మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. గడియ పెట్టుకుని స్నానం చేసే మనిషి కేక వేసేలోపే స్పృహ తప్పుతుంది.

నీలిమంట: బాత్‌రూంలో పెట్టమని నేనెప్పుడన్నాను? యుటిలిటీలో, అదే వంటింటి పక్క బాల్కనీలో, పెట్టి పైపు లాగాలి.

వైరు_సుబ్బయ్య: ఆ యుటిలిటీకి ఏడాది తిరక్కుండా దోమలకనీ దుమ్ముకనీ అద్దాలు బిగిస్తారు. ఊళ్ళో ఏ అపార్ట్‌మెంటైనా తలెత్తి చూడండి. చలికాలం ఆ అద్దాలూ మూసేస్తారు. గ్యాస్ మీద నాకు కోపం లేదండీ. ఇంట్లో ఎవరో ఒకరు రోజూ కిటికీ తెరుస్తారన్న నమ్మకం మీద నడిచే పరికరం వద్దంటున్నాను. ఆర్‌సీసీబీకి మన జ్ఞాపకశక్తితో పనిలేదు.

నీలిమంట: ఎందుకు లేదు? దాని టెస్ట్ బటన్ నొక్కి చూసేవాళ్ళు ఎంతమంది? బిగుసుకుపోయిన ఆర్‌సీసీబీ గోడ మీద బొమ్మే. మీది మెషీన్ మీద నమ్మకం, నాది మనిషి మీద. ఇంతసేపూ మనం పోట్లాడుతున్నది దీని గురించే, ఆంప్స్ గురించి కాదు.

వైరు_సుబ్బయ్య: బటన్ సంగతి ఒప్పుకుంటాను, నెలకోసారి నొక్కాలి. కిటికీ సంగతిలో మాత్రం నా మాట మారదు.

కేఆర్‌పురం_కొత్తిల్లు: మా యుటిలిటీకి అద్దాలున్నాయి. గ్యాస్ వద్దులెండి. ఇన్‌స్టంట్‌కి మారితే బిల్లైనా తగ్గుతుందా?

బకెట్_లెక్క: పెద్దగా తగ్గదు. 20 లీటర్లను 20 డిగ్రీలు పెంచాలంటే ఏ కరెంటు గీజర్‌కైనా దగ్గరదగ్గర అర యూనిట్ పడుతుంది. స్టోరేజిలో అదనంగా పోయేది ఊరికే ఆన్‌లో ఉంచితే పోయే వేడే. మీ 15 లీటర్లు 60 డిగ్రీలకు కాగితే చన్నీళ్ళు కలిపి 30 లీటర్ల స్నానపు నీళ్ళు. 2 కిలోవాట్లదైతే మళ్ళీ కాగడానికి 21 నిమిషాలు. బాత్‌రూంకి ఇద్దరే కదా, గంటన్నర ధారాళంగా సరిపోతుంది. ఉన్నవే ఉంచండి. విప్పించి ఉప్పు తీయించి, ట్యాంకుకి తుప్పు పట్టకుండా కాపాడే ఆనోడ్ రాడ్డు అరిగితే మార్పించండి. వంటింటి సింకుకి 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ ఒకటి పెట్టుకోండి. గిన్నెలకి నిమిషానికి 2 లీటర్లు చాలు.

వైరు_సుబ్బయ్య: సింకు దగ్గర మిక్సీ పాయింటుకి తగిలించొద్దు. 3 కిలోవాట్లంటే 13 ఆంప్స్, ఆ చిన్న పాయింటు తట్టుకోదు.