అప్‌డేట్: బాపు రిపోర్టుల 9, 22 అంటే ఏందని అడిగిన కదా

నాలుగు నెలల కింద అడిగిన: బాపుకు తెల్లకణాలు లక్షా ఎనభై వేలు దాటినయ్, రిపోర్టుల 9, 22 క్రోమోజోములు (కణంల జీన్లను మోసే పోగులు) మారినయని ఉంది, ఇది మాక్కూడా వస్తదా అని. జవాబిచ్చినోళ్లందరికీ దండాలు.

అది సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్. హన్మకొండల చూసే డాక్టరమ్మ కాయితం మీద గీసి చెప్పింది. 9వ దాని ముక్క, 22వ దాని ముక్క తెగి ఒకదాని చోట ఒకటి అతుక్కున్నయంట. పొట్టిగైన 22నే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటరు. 1960లనే చూసిన్రు గానీ, ముక్కలు మారినయని 1973ల జానెట్ రౌలీ అనే అమెరికా సైంటిస్టు తేల్చింది. అట్ల 9 మీదున్న ఏబీఎల్ అనే జీన్ పోయి 22 మీదున్న బీసీఆర్ అనే జీన్ పక్కన కూసున్నది. మామూలు ఏబీఎల్ అవసరమైనప్పుడే పనిచేస్తది. ఈ జంట జీన్ ప్రొటీన్ ఆగదు, కణాన్ని పెరుగు పెరుగు అంటనే ఉంటది. బాయి కాడ స్టార్టర్ అతుక్కపోయి రాత్రంతా మోటరు నడిచినట్టు. గట్ల చెప్తేనే బాపుకు సమజైంది.

వారసత్వమైతే కాదు. పుట్టినంక మూలుగలోని ఒక కణంల జరిగిన మార్పు, పిల్లలకు రాదు. ఇది తెల్వకముందే ఒక చుట్టమైతే మా చెల్లె పెండ్లి సంబంధం ఆపమన్నడు. ఆయన్ని ఏమనాలె!

బాపు రోజుకు 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్, అంటే ఆ జంట జీన్ ప్రొటీన్‌ను ఆపే గోలీ, వేసుకుంటున్నడు. మూడో నెల పీసీఆర్ అనే రక్తపరీక్షల బీసీఆర్-ఏబీఎల్ (ఆ జంట జీన్) 6 శాతం. 10 లోపుంటే మంచిదే, ఏడాదికి 0.1కి దిగాలె. కండ్ల చుట్టూ వాపు, రాత్రిపూట పిక్కలు పట్టుడు ఉన్నయ్. అన్నం తిన్నంకనే గోలీ ఇస్తున్నం. మనిషి మాత్రం ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి నేనే తీసుకపోతనని ఇప్పటిసందే లొల్లి.