శర శశి షట్క చంద్ర... నాలుగో పాదం ఎవరికి నోటికొచ్చు?

దేవరకొండ: గణిత కవి పావులూరి మల్లన చదరంగం పద్యం (ఒకటితో మొదలుపెట్టి గడిగడికి రెట్టిస్తే 64 గళ్ల మొత్తం ఎంతో, అంకెలకు బదులు మాటలు పెట్టి ఒకట్ల స్థానం నుంచి చెప్పేది) మూడు పాదాలు బాగనే వస్తున్నయి. నాలుగోది «స్తరమగు రెట్టికగు సంకలితంబు జగత్ప్రసిద్ధిగన్» అని నోట్లె తిరుగుతున్నది. చంపకమాలకు 21 అక్షరాలు కావాలె, ఇందుల 19. యతి పదకొండో అక్షరం మీద పడాలె, 'సం' తొమ్మిదో చోటనే వచ్చి కూర్చున్నది. జారిన రెండక్షరాలేవి? హంగరీ గణితవేత్త పాల్ ఎర్డోష్ పరిశోధన మీద వ్యాసానికి ఇది కావాలె. ఏ మూడు బిందువులూ ఒకే గీత మీద లేకుంటే, ఎన్ని బిందువులుంటే మనకు కావలసినన్ని మూలల కుంభాకార (ఎక్కడా లోపలికి వంగని) బహుభుజి తప్పక దొరుకుతుందని ఎర్డోష్, సెకెరెష్ 1935లో అడిగిన్రు. మూలల్లోంచి రెండు తీసి, మిగిలినన్నిసార్లు ఒకటిని రెట్టించి, ఇంకొకటి కలపాలని వాళ్ల ఊహ. 4 మూలలకు 5, 5కు 9, 6కు 17. 66 మూలలకు లెక్కకడితే మల్లన సంకలితం (మొత్తం) కన్నా సరిగ్గా 2 ఎక్కువ!

పాలమూరు: నాలుగో పాదం తర్వాత చూద్దాం గని, మొదటి పాదంల 'రంధ్ర' ఎంతన్నా? రంధ్రానికి సున్న అని కూడా నిఘంటువులు చెప్తయి గదా.

వనపర్తి: తొమ్మిదే. నవరంధ్రాలు. సున్నకు పక్కనే 'వియత్' ఉన్నది, రెండో పాదంల 'గగనం' ఉన్నది.

పాలమూరు: అది వాదన అయితది, రుజువు కాదు. అంకెల మొత్తాన్ని తొమ్మిదితో భాగించి శేషం చూస్తే 0, 9 రెండూ ఒకటే.

కొల్లాపురం: అందుకే పదకొండుతో చూడాలె సార్. రెండును పదిసార్లు రెట్టిస్తే పదకొండుతో శేషం 1. కాబట్టి 64 రెట్టింపులకు శేషం 5, ఒకటి తీస్తే 4. పద్యంల అంకెలు ఒకట్ల స్థానం నుంచి ఒకటి కూడి ఒకటి తీసేసుకుంట పోతే 37, శేషం 4. రంధ్రం సున్న అయితే 28, శేషం 6. కుదరదు. 18446744073709551615 ఖాయం.

వనపర్తి: 'అబ్ధి', 'పయోనిధి' గూడ అట్లనే. సముద్రాలు నాలుగా ఏడా అన్న తగవు తొమ్మిదితోనే తేలుతది. అంకెల మొత్తం 87, శేషం 6, అదే రావాలె. అబ్ధి ఒక్కటి ఏడైతే 90, శేషం 0. రెండూ ఏడైతే 93, శేషం 3. మూడుతో మాత్రం చూడొద్దు, మూడు లెక్కలూ మూడుతో నిశ్శేషంగ పోతయి, తప్పు దొరకదు.

కొల్లాపురం: జటప్రోలు ఎలకూచి బాలసరస్వతి రాఘవ యాదవ పాండవీయంల ఒక్కో పద్యానికి మూడు కథలు నడిపిండు. శ్లేష మీద అంత పట్టున్న కవి భూతసంఖ్యలు (అంకెలకు బదులు వాడే ఇట్లాంటి మాటలు) పట్టుకుంటే ఎట్లుండేదో! మల్లన శ్లేష జోలికి పోలేదు. శర, సాయక రెండూ అయిదే, నగ, భూధర, గిరి మూడూ ఏడే. పర్యాయాలు ఛందస్సు కోసం, విలువ మారదు.

దేవరకొండ: నాలుగో పాదం?

కొల్లాపురం: «స్తరమగు రెట్టికిం దగిన సంకలితంబు» అని చూడండి. ఏడో అక్షరం నుంచి 'కిందగి' భగణం, 'నసంక' జగణం. 'సం' పదకొండో చోటుకు చేరింది. మొత్తం 21.

వనపర్తి: గణాలు కుదిరినయి, ఒప్పుకుంట. కాని ఇది మీరు పూరించిందా, మల్లన రాసిందా? ఛందస్సు రెండక్షరాల ఖాళీ చూపుతది గని, ఏ అక్షరాలో చెప్పదు.

పానగల్లు: అసలు వ్యాసంల 'కుంభాకార' అన్న మాట మీద నాకు అభ్యంతరం. లోపలి ఏ రెండు బిందువులు కలిపినా గీత బయటికి పోవద్దు, అది గద నియమం. కుండ మెడకాడ లోపలికి పోతది. అంచు నుంచి పొట్టకు దారం లాగితే గాలిల తేలుతది. కుంభం ఆ నియమానికి నిలువదు. 'సొట్టలేని బహుభుజి' అంటే బడిపిల్లగానికి తెలుస్తది.

పాలమూరు: కటకాల పాఠంల కుంభాకారం పాతుకపోయింది అన్నా. అక్కడ ఉబ్బు ఒక్కటే చూస్తరు.

పానగల్లు: కటకం వేరు. ఎర్డోష్ స్నేహితురాలు ఎస్తర్ క్లైన్ అడిగింది అయిదు బిందువుల్ల సొట్టలేని చతుర్భుజం చేసే నాలుగు తప్పక దొరుకుతయా అని. మూడు బిందువులతో త్రిభుజం పడి రెండు లోపల చిక్కితే, ఆ రెంటి మీదుగా గీత గీయాలె. త్రిభుజం మూలల్ల రెండు ఒకే పక్కకు పడతయి. ఆ నాలుగూ కలిస్తే సొట్ట రాదు. ఈ రుజువు మొత్తం సొట్ట మీదనే నడుస్తది.

దేవరకొండ: 'సొట్టలేని' తీసుకుంట అన్నా. రెట్టికిం దగినకు పాత అచ్చు ప్రతి ఎవరి దగ్గరన్న ఉంటే ఆ ఒక్క పాదం పెట్టండి.