పిచ్చర్ల గెలుపు ఓటముల లెక్కకు ఇప్పటికీ అర్థం ఉందా?

బేస్‌బాల్‌లో ప్రతి ఆట గెలుపునూ ఓటమినీ ఒక్కో పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) పేరిట రాస్తారు. ఈ లెక్కపై బేస్‌బాల్ గణాంకాలు బాగా తెలిసినవారి నుంచి ఒక సందేహానికి సమాధానం కోరుతున్నాను. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ జేకబ్ డిగ్రామ్ 1.70 ఈఆర్‌ఏతో (ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి కాక, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు; తక్కువైతే మేలు) నేషనల్ లీగ్‌లో అత్యుత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. అయినా సొంత జట్టు బ్యాటర్లు తగినన్ని పరుగులు చేయకపోవడంతో అతని ఖాతాలో 10 గెలుపులు, 9 ఓటములే మిగిలాయి. 1990లో అమెరికన్ లీగ్‌లో మాత్రం 1.93 ఈఆర్‌ఏ ఉన్న రోజర్ క్లెమెన్స్‌ను కాదని, 2.95 ఈఆర్‌ఏతోనే 27 గెలుపులు సాధించిన బాబ్ వెల్చ్‌కు ఆ అవార్డు ఇచ్చారు. (క్రికెట్‌లో మ్యాచ్ గెలుపును ఒక్క బౌలర్ పేరిట రాయడం ఊహించలేం.)

స్టార్టర్ (ఆటను మొదలుపెట్టే పిచ్చర్) గెలుపు పొందాలంటే సాధారణంగా కనీసం ఐదు ఇన్నింగ్స్ వేయాలన్న నియమం, ఒకే పిచ్చర్ ఆట చివరిదాకా నిలిచే కాలానికి సరిపోయిందేమో గానీ, 2018లో టాంపా బే రేస్ జట్టు మొదలుపెట్టినట్టుగా ఒకటి రెండు ఇన్నింగ్స్‌కే ‘ఓపెనర్’ అనే పిచ్చర్‌ను దింపే పద్ధతికి అది ఎలా పొసగుతుందో నాకు అర్థం కావడం లేదు.

ఈఆర్‌ఏ ఈ గెలుపు ఓటముల లెక్కకంటే నయమే. అయితే ఏది ఫీల్డర్ తప్పిదమో స్కోరర్ నిర్ణయించడం, బేస్‌లపై వదిలి వెళ్లిన రన్నర్లు తర్వాతి పిచ్చర్ బంతులకు స్కోరు చేసినా ఆ పరుగులు మొదటివాడికే పడటం నన్ను ఇబ్బంది పెడుతున్నాయి. స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను ఔట్ చేయడం), వాక్‌లు (నాలుగు చెడు బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా దక్కే బేస్), హోమ్ రన్‌ల వంటి ఫీల్డర్ల ప్రమేయం లేని వాటినే లెక్కించే ఎఫ్‌ఐపీ అనే కొలత, బలహీనమైన దెబ్బలు కొట్టించడంలో నేర్పరులైన పిచ్చర్లకు అన్యాయం చేయదా? ఒక్క సీజన్‌ను అంచనా వేయడానికి మీరు ముందుగా ఏ అంకె చూస్తారో, ఎందుకో వివరించగలరా?