పాత క్యామ్రీ కొన్నాను, సర్వీసు ఎన్నాళ్లకోసారి?

లక్ష్మీపురం, గుంటూరు (ఇప్పుడు డెంటన్, టెక్సస్):

అందరికీ నమస్కారం. మాస్టర్స్‌కి వచ్చి ఒక సెమిస్టర్ అయింది. సీనియర్ దగ్గర 2008 టొయోటా క్యామ్రీ కొన్నాను. 2.4 లీటర్ల ఇంజన్, 1,62,000 మైళ్లు తిరిగింది, సర్వీసు కాగితాలేవీ లేవు. అద్దం మీద అంటించిన స్టిక్కర్‌లో 3,000 మైళ్లకే ఆయిల్ మార్చమని ఉంది, మాన్యువల్‌లో 5,000 అని ఉంది, రూమ్మేటేమో 10,000 దాకా పర్లేదంటున్నాడు. నాన్నకి ఫోన్ చేస్తే, "ఏడాదికోసారి చాల్లేరా, మన వ్యాగనార్‌కి అంతేగా" అన్నారు. నెలకి బండి మీద 60, 70 డాలర్లకి మించి పెట్టలేను. ఎవరి మాట వినాలండీ?

పటమట, విజయవాడ (అంతకుముందు చాలా ఏళ్లు డాలస్‌లో):

తమ్ముడూ, మీ నాన్నగారు చెప్పింది ఇక్కడి లెక్క. మనవైపు పెట్రోలు బండికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అంటారు. అంటే అక్కడి 6,200 మైళ్లు. మీ రూమ్మేటు చెప్పిన 10,000 మైళ్లంటే 16,000 కిలోమీటర్ల పైమాటే. సింథటిక్ ఆయిల్‌తో నడిచే తర్వాతి మోడళ్లకి టొయోటా ఇచ్చిన అంకె అది, నీ బండికి వర్తించదు. ఇక స్టిక్కర్ మీద 3,000 అంటావా, నువ్వు తొందరగా మళ్లీ రావాలని ఆ షాపువాడు వేసుకున్న అంకె. మాన్యువల్‌నే నమ్ము: 5,000 మైళ్లు లేదా 6 నెలలు, ఏది ముందొస్తే అది. నీలాంటి స్టూడెంట్‌కి ముందొచ్చేది ఆరు నెలలే. రూమ్ నుంచి క్యాంపస్‌కి, అక్కణ్నుంచి గ్రాసరీకి తిరిగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తావు. లోపల చేరిన తేమ ఆవిరైపోక ఆయిల్‌లోనే ఉండిపోతుంది. మైళ్లు తిరగకపోయినా ఆయిల్ పాడయ్యేది అందుకే.

అయితే నీ బండి విషయంలో అసలు టెన్షన్ పడాల్సింది ఎన్ని మైళ్లకి మార్చాలన్న దాని గురించి కాదు. 2007 నుంచి 2009 దాకా వచ్చిన క్యామ్రీల్లో ఆ 2.4 ఇంజన్‌కి ఆయిల్ తాగే జబ్బుంది. పిస్టన్ రింగుల దగ్గర వచ్చే లోపం. టొయోటా కూడా ఒప్పుకుని కొన్నాళ్లు ఉచితంగా బాగుచేసింది. ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. అప్పట్లో 1,200 మైళ్లకి ఒక క్వార్ట్ (లీటరుకి కాస్త తక్కువ) కంటే ఎక్కువ తాగితేనే లోపం కింద లెక్కేసేవాళ్లు. ఈ ఇంజన్‌కి మొత్తం పట్టేదే దాదాపు నాలుగున్నర క్వార్ట్‌లు. ఆ లెక్కన 3,600 మైళ్లు తిరిగేసరికి మూడు క్వార్ట్‌లు పోయి, ఒకటిన్నర మిగులుతుంది. నువ్వు బుద్ధిగా 5,000 మైళ్లకి షాపుకి వెళ్తావు, ఈలోపు ఇంజన్ పోతుంది. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతుందిలే అనుకోకు. ఆయిల్ ప్రెషర్ పడిపోయాక వెలిగే లైటది, అప్పటికే ఆలస్యమైపోతుంది.

నీ ప్రశ్న ఇక్కడ ఆటోనగర్‌లో మా మెకానిక్‌కి చదివి వినిపించాను. మైళ్లూ నెలలూ అతను పట్టించుకోలేదు. "పుల్ల తీసి చూశాడా?" అన్నాడు. బండి చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపేశాక ఐదు నిమిషాలు ఆగు. ఆ పుల్ల, అంటే ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్, బయటికి లాగి, పాత బనీను ముక్కతో శుభ్రంగా తుడిచి, మళ్లీ చివరిదాకా దించి తియ్యి. మొదటిసారి తీసినప్పుడు కనిపించే తడిని నమ్మకూడదు, అది గొట్టం గోడలకి అంటుకున్నది కావచ్చు. రెండు గుర్తుల మధ్య ఎక్కడుందో చూసుకో. కింది గుర్తుకి దగ్గరపడితే మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్ కొంచెం పోసి మళ్లీ చూడు, పై గుర్తు మాత్రం దాటించకు. రంగు నల్లబడిందని కంగారుపడక్కర్లేదు. పెట్రోలు కొట్టించే ప్రతి రెండోసారీ ఈ పని చెయ్యి, పైసా ఖర్చు లేదు.

ఇంకో సంగతి. టెక్సస్‌లో ఏటా బండికి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉండేది. 2025 జనవరి నుంచి సొంత బండ్లకి అది తీసేశారు. మీ డెంటన్ కౌంటీలో పొగ పరీక్ష మిగిలింది గానీ టైర్లూ బ్రేకులూ ఎవరూ చూడరు. కాబట్టి నువ్వే చూసుకోవాలి. టైరు గాడిలో ఒక సెంటు నాణెం లింకన్ తల కిందికి ఉండేలా పెట్టు. తల మొత్తం కనిపిస్తే టైరు అయిపోయినట్టే. టైరు పక్కన DOT అని ఇంగ్లీషు అక్షరాలు ఉన్న చోట చివరి నాలుగంకెలు చూడు, అది తయారైన వారం, సంవత్సరం. 1218 అని ఉంటే 2018లో పన్నెండో వారం. గాడి లోతుగానే ఉన్నా అంత పాత టైరు మీద హైవే ఎక్కొద్దు.

డబ్బు సంగతి: ఏడాదికి రెండు ఆయిల్ మార్పులు నీ బడ్జెట్‌లో సులువుగా సరిపోతాయి. ఆ ఖర్చు లేని నెలల్లో మిగిలింది ముట్టుకోకుండా టైర్లకీ, బ్యాటరీకీ, బ్రేకులకీ దాచు. కాగితాలు లేవన్నావు కాబట్టి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఒక్కసారి మార్పించెయ్. టైమింగ్ బెల్టు మార్చాలని ఎవడైనా అంటే ఆ షాపు నుంచి వచ్చెయ్, ఈ ఇంజన్‌కి ఉన్నది చైను.

బ్రాడీపేట, గుంటూరు (ఇప్పుడు ఫ్రిస్కో):

అన్నయ్యగారు చెప్పినదంతా సరైనదే. ఆయిల్ మార్చడానికి వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో మాత్రం నేను చెప్తాను. క్యాబిన్ ఫిల్టరు (బండి లోపలికొచ్చే గాలిని వడకట్టేది) తీసి నీ ముందు పెడతారు, దుమ్ముతో నల్లగా ఉంటుంది, చూడగానే మనకే సిగ్గేస్తుంది. మొహమాటానికి సరే అన్నావా, బిల్లు పెరిగిపోతుంది. గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటుందది, బయట కొనుక్కుని నువ్వే మార్చుకోవచ్చు. ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్ అంటే "ఇవాళ వద్దండీ" అను. కారణం చెప్పక్కర్లేదు, చెప్తే దానికో సమాధానం రెడీగా ఉంటుంది.

చెక్ ఇంజన్ లైటు వెలిగితే నేరుగా మెకానిక్ దగ్గరికి పరిగెత్తకు. ఆటోజోన్ అనే స్పేర్ పార్ట్స్ షాపులో ఆ లైటు ఎందుకు వెలిగిందో చెప్పే కోడ్ ఉచితంగా చదివి చెప్తారు, బ్యాటరీ కూడా చూస్తారు. లైటు ఆగి ఆగి మిణుకుతుంటే మాత్రం అక్కడిదాకా కూడా నడపకు, పక్కకి తీసి ఆపెయ్.

పాత హోండాలు కొన్నవాళ్లు ఇది చదువుతుంటే: విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) పదిహేడు అక్షరాలూ అంకెలూ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైటులో కొట్టి, రీకాల్, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేసేది, ఉందేమో ఇవాళే చూసుకోండి. ఆ బండ్లలో చాలావాటికి ఉన్న తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు వేడికీ తేమకీ పాడై, పేలినప్పుడు ఇనుప ముక్కలు మొహం మీదికి వచ్చి మనుషులు చనిపోయారు. డీలర్ ఉచితంగా మారుస్తాడు. క్యామ్రీకి ఆ గొడవ లేదుగానీ, వేరే రీకాల్స్ ఉన్నాయి, తమ్ముడూ నువ్వూ చూడు.

లక్ష్మీపురం, గుంటూరు (ఇప్పుడు డెంటన్, టెక్సస్):

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. ఇప్పుడే కిందికెళ్లి చూశాను. రెండోసారి తీసినా పుల్ల చివర మాత్రమే తడి ఉంది, కింది గుర్తు దాకా కూడా లేదు. సీనియర్ మూడు నెలల కిందటే ఆయిల్ మార్పించానన్నాడు. రేపు పొద్దున క్లాసుకి వెళ్లొచ్చా?

పటమట, విజయవాడ:

బండి తియ్యొద్దు, బస్సులోనో ఫ్రెండ్ కార్లోనో వెళ్లు. ముందు ఒక క్వార్ట్ తెచ్చి పోసి, ఐదు నిమిషాలాగి చూడు. అప్పటికీ కింది గుర్తు దాటకపోతే ఇంకో అర క్వార్ట్. స్టార్ట్ చేసి ఒక నిమిషం ఉంచి ఆపి, బండి కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలెయ్. పొద్దున అట్ట మీద మరక ఉంటే లీకు, అది కొంత చవగ్గా బాగవుతుంది. మరక లేకపోతే తాగుతుండొచ్చు. అప్పుడు మైలేజీ రాసుకుని 500 మైళ్లకోసారి కొలిచి చూడు, ఎంత తాగుతోందో వచ్చి చెప్పు. డిక్కీలో రెండు క్వార్ట్‌లూ ఒక గరాటా ఎప్పుడూ ఉంచుకో. క్వార్ట్ బాటిళ్ల కంటే ఐదు క్వార్ట్‌ల డబ్బా కొంటే చవక.