సమస్యాపూరణం: "అర్థమేమి లేక యర్థమాయె"

పలక బలపం (నిర్వహణ):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఎందుకిచ్చానో ముందే చెబుతాను. ఐస్‌లాండ్ బ్యాండ్ సిగుర్ రోస్ 2023 జూన్‌లో, పదేళ్ల తర్వాత, కొత్త స్టూడియో ఆల్బమ్ తెచ్చింది. ఆర్కెస్ట్రా నిండుగా ఉంది, డ్రమ్స్ దాదాపు లేవు. అది విన్న ఊపులో వెనక్కి వెళ్లి 2002 అక్టోబరులో వచ్చిన వాళ్ల మూడో ఆల్బమ్ పెట్టుకున్నాను. ఇక అక్కడే ఆగిపోయాను. దానికి పేరు లేదు, ఖాళీ బ్రాకెట్లు రెండే. ఎనిమిది పాటలకీ పేర్లు పెట్టలేదు. పాడింది ఏ దేశపు భాషా కాదు. గాయకుడు యోన్సి గొంతులో పుట్టిన ధ్వనులవి. వాటిని వోన్లెన్‌స్కా అంటారు, 'ఆశ భాష' అనుకోండి. సీడీతో వచ్చిన చిన్న పుస్తకంలో అన్నీ తెల్ల కాగితాలే, విన్నవాళ్లు తమకు తోచింది రాసుకోవడానికి. ఒక్క పాదం ఇచ్చి మిగతా మూడూ మనకొదిలినట్టే కదా!

సమస్య అచ్చుతో మొదలైంది కాబట్టి మూడో పాదం చివర విసంధిని (సంధి కలపకుండా విడిగా ఉంచడాన్ని) దోషంగా ఎంచను. యతి (పాదం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి పొంతన) మాత్రం వదలను.

గోదారి గట్టు:
చంటిపాప పలుకు జననికి దెలిసిన
యట్లు మంచుదీవి యాలపించు
పాట విన్న నాకు బాధయు సుఖమును
అర్థమేమి లేక యర్థమాయె

పలక బలపం:
నడక హాయిగా ఉందండీ. 'మంచుదీవి' అన్న ఒక్క మాటతో ఊరు చూపించేశారు. కానీ మూడో పాదం ఏ పాటకైనా సరిపోతుంది. ఏ బాధ? ఎవరి సుఖం? మీకు మాత్రమే తెలిసింది ఏదో ఒకటి అక్కడ పడాలి.

గోదారి గట్టు:
నిజమే. మొదటి పాట వింటుంటే మా బామ్మే గుర్తొచ్చింది. మా చిన్న తమ్ముణ్ణి ఉయ్యాల్లో వేసి 'ఉళుళుళు' అంటూ ఉండేది. ఆ మాటకి అర్థం ఏముంది? ఇలా మార్చాను: "పాట విన్న నాకు బామ్మ జోలయె నేడు".

పలక బలపం:
ఇప్పుడు పద్యం మీదైంది. కర్ణాటక సంగీతంలో తానం పాడేటప్పుడు 'నంతం, తోం' అంటే అర్థం చెప్పమని ఎవరం అడగం. జోలకీ అంతే.

నల్లకుంట శ్రోత:
నేను 'అర్థం' అంటే డబ్బు అనే దారిలో వెళ్లాను.

రూక లేని నాడు రూములో నొకరాత్రి
మిత్రుడొసగినట్టి మేటి పాట
కాసు పెట్టకుండ గన్నీరు పెట్టించె
అర్థమేమి లేక యర్థమాయె

గోదారి గట్టు:
కాసు పెట్టకుండా కన్నీరు పెట్టించడం! ఈ పాదం నాకు చాలాకాలం గుర్తుంటుంది.

పలక బలపం:
విరుపు అద్భుతం. 'మేటి' ఒక్కటే యతి కోసం వచ్చి కూర్చున్నట్టుంది. మిత్రుడు పాట దేంట్లో ఇచ్చాడు?

నల్లకుంట శ్రోత:
మెమరీ కార్డులో అండీ. గోరంత ఉంటుంది, పోతుందేమోనని కాగితంలో చుట్టి ఇచ్చాడు.

పలక బలపం:
అదే రాయండి: "మిత్రుడొసగినట్టి మెమరికార్డు". గణాలు సరి, మి–మె యతి సరి.

మూడో జాము:
నా పూరణ ఆల్బమ్ మధ్యలో వచ్చే మౌనం గురించి. మొదటి నాలుగు పాటలు తేలిగ్గా, వెలుతురుగా ఉంటాయి. తర్వాత 36 సెకన్లు ఏమీ వినపడదు. ఆ తర్వాతి నాలుగూ బరువైనవి.

మొదటి సగము వెలుగు ముగియగా లోకమ్ము
ముప్పదారు సెకను మూగవోయె
చీకటైన సగము చెలిమితో వచ్చెను
అర్థమేమి లేక యర్థమాయె

పలక బలపం:
'చెలిమితో వచ్చెను' దగ్గర ఆగిపోయాను. చివరి పాట పదకొండు నిమిషాలు దాటుతుంది. మెల్లగా మొదలై, డ్రమ్స్ పెరిగి పెరిగి, కమానుతో వాయించిన గిటారు ఉప్పెనలా మీదికొస్తుంది. నాకు భయమే వేసింది, చెలిమి అనిపించలేదు. మీకు అనిపించింది కాబట్టి అలాగే ఉండనివ్వండి. 'సెకను' ఏకవచనం మాత్రం నాకు కాస్త గుచ్చుకుంది.

కొత్త పలక:
నమస్తే అక్కా, ఇది నా మొదటి పద్యం. తప్పులుంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

తెల్లకాగితముల తెరచి చూచితి రాత్రి
పేరు లేదు పాట పలుకు లేదు
నేను రాసినంత నిండెను నా కథ
అర్థమేమి లేక యర్థమాయె

పలక బలపం:
తమ్ముడూ, మూడో పాదం ఈ వారానికే మకుటం. రెండో పాదంలో యతి తప్పింది. 'పే'కి 'ప' కుదరదు, హల్లు కలిసినా అచ్చు కలవలేదు. ఇ, ఈ, ఎ, ఏ లలో ఒకటి కావాలి. "పేరు లేదు మాట పేర్పు లేదు" అంటే సరిపోతుంది, భావమూ చెడదు. ఆ పుస్తకం నీ దగ్గరుందా?

కొత్త పలక:
లేదక్కా, ఫోన్‌లోనే విన్నాను. మా ల్యాబ్ రికార్డులో ఎడమవైపు పేజీలకి గీతలుండవు, బొమ్మలు గీయడానికి వదిలేస్తారు. సెమిస్టర్ అయిపోయింది కదా, వాటిలో రాస్తున్నాను. మొదటి పాటకి 'నాన్న స్కూటర్' అని పేరు పెట్టాను.

గోదారి గట్టు:
మరి రెండో పాటకి?

కొత్త పలక:
ఇంకా కుదరలేదండీ. మూడు పేర్లు రాసి కొట్టేశాను. ఈ రాత్రి మళ్లీ వింటాను.