గుర్రపు డెక్కకు గ్లైఫోసేట్ కొట్టినా మళ్ళీ చిగురేస్తోంది

చెరువుగట్టు:
ఎకరం చెరువు, మూడింట రెండొంతులు గుర్రపు డెక్కే. పొలం గట్లకు వాడే గ్లైఫోసేట్ కలుపు మందు కొడితే ఆకులు పండిపోయాయి గానీ, నెల తిరక్కుండా మళ్ళీ పచ్చబడింది. అడుగున హైడ్రిల్లా అనే నీటి కలుపు కూడా ఉంది. చేపలున్నాయి. మోతాదు పెంచమంటారా?

కలుపువేట:
పెంచకండి. మందు ఘాటైతే ఆకు ముందే మాడిపోతుంది, ఇక మొదలు దాకా దిగేదెలా? అసలు పొలం రకం చెరువులో వాడకూడదు. వాటిలో చాలావరకు కలిసే పీఓఈఏ అనే సర్ఫాక్టెంట్ (మందు ఆకు మీద పరుచుకునేలా చేసేది) చేపలకూ కప్పపిల్లలకూ గ్లైఫోసేట్ కన్నా ఎక్కువ విషం. నీటిలో వాడొచ్చని లేబుల్ మీద రాసి ఉన్నదే తీసుకోండి. 53.8 శాతం రకమైతే లీటరుకు 7.5 మి.లీ., అంటే 16 లీటర్ల ట్యాంకుకు 120. నీటికి అనుమతి ఉన్న నాన్‌అయానిక్ స్ప్రెడర్ (అదే పని చేసే వేరే ద్రవం) 80 మి.లీ. విడిగా కలపాలి.

ట్యాంకులో చెరువు నీళ్ళే పోశారా? చాలామంది తప్పు అక్కడే. గ్లైఫోసేట్ బురద రేణువులకు అతుక్కుని పనికిరాకుండా పోతుంది. తేట నీళ్ళు కావాలి. పూత మొదలయ్యాక, వాన సూచన లేని రోజున, ఆకు తడిసేదాకా మాత్రమే కొట్టండి. కారిందంటే వృథా. దట్టంగా ఉన్నచోట పై ఆకుల నీడలో దాగిన పిల్లమొక్కలకు మందు తగలదు, మీరు చూసిన చిగురు చాలావరకు వాటిదే అయ్యుంటుంది. మొక్క పూర్తిగా చావడానికి మూడు వారాలు పైనే పడుతుంది, తొందరపడి అదే చోట రెండోసారి కొట్టొద్దు.

నీటిబొట్టు:
చేపలు మందుతో కన్నా ఊపిరాడకే ఎక్కువ చస్తాయి. డెక్క ఒక్కసారిగా కుళ్ళితే నీళ్ళలోని ఆక్సిజన్ అంతా అదే లాగేస్తుంది. మూడో వంతు చొప్పున, రెండు వారాల ఎడంతో కొట్టండి. గట్టు నుంచి లోపలికి వెళ్తే చేపలకు తప్పుకునే దారి ఉంటుంది. తెల్లవారుజామున చూడండి, ఆక్సిజన్ అప్పుడే అట్టడుగుకు పడుతుంది. లీటరుకు 3 మి.గ్రా. కన్నా తగ్గినా, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నా, ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) వేసి తర్వాతి విడత ఆపేయండి. వీలైతే సగం డెక్క ముందే లాగి గట్టెక్కించడం మేలు, కుళ్ళేదే తగ్గుతుంది.

చెరువుగట్టు:
మరి హైడ్రిల్లాకు? 2,4-డి అనే కలుపు మందు డెక్కకు చవక అంటున్నారు, నిజమేనా?

కలుపువేట:
నీళ్ళలో మునిగిన మొక్కకు గ్లైఫోసేట్ దండగ. డైక్వాట్ అనే మందు పనిచేస్తుంది, నీళ్ళు తేటగా ఉంటేనే. ఫ్లూరిడోన్‌కు కనీసం 45 రోజులు నీరు కదలకూడదు, పారే చెరువైతే మర్చిపోండి. ఈ రెండు మందులూ మీ దగ్గర అనుమతి ఉంటేనే. నన్నడిగితే ముందు గడ్డిచేప సంగతి కనుక్కోండి, హైడ్రిల్లా దానికి ఇష్టమైన మేత. బురదలోని దుంపలు మాత్రం ఏళ్ళ తరబడి మొలుస్తూనే ఉంటాయి.

2,4-డి డెక్కను బాగా చంపుతుంది, కానీ దానిలో అమైన్ లవణం రకమే వాడాలి. ఎస్టర్ రకం చేపలకు ప్రమాదం. గాలికి కొట్టుకుపోతే పక్కన పత్తి, టమాటా, ద్రాక్ష ఆకులు మెలితిరిగిపోతాయి. డెక్క విత్తనం కూడా బురదలో 15 ఏళ్ళకు పైగా బతుకుతుంది. చెరువు శుభ్రపడ్డాక రెండు వారాలకోసారి గట్టు వెంట తిరిగి, మొలకలు కనిపిస్తే చేత్తో పీకేయండి, ఆ దశలో మందు అక్కర్లేదు.