ఎపిక్ ఫాంటసీలో రెండో కొడుకు: మీకు గుర్తుండిపోయినవాళ్ళు ఎవరు?

గోదారిగట్టు: పెద్ద ఫాంటసీ నవల ఒకటి మొదలుపెట్టా, రాజుగారి రెండో కొడుకు కథ. మూడు చాప్టర్లు అయ్యాక ఆగిపోయింది, ఎంత రాసినా వాడు అన్న చాటునుంచి బయటికి రావట్లేదు. మీరు చదివినవాటిలో రెండోవాడు గట్టిగా నిలబడింది ఎక్కడ? ఇంకోటి, ఊళ్ళకీ మనుషులకీ తెలుగు పేర్లే పెట్టాలా, కొత్తవి కల్పించాలా?

పేజీతిప్పు: 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఫరామిర్, ఇంకో మాట లేదు. దూరాన ఉన్న రివెండెల్‌కి వెళ్ళమనే కల ముందు వచ్చింది అతనికే, మళ్ళీ మళ్ళీ వచ్చింది, అన్న బోరోమిర్‌కి ఒక్కసారే. అయినా దారి ప్రమాదం, నేనే వెళ్తానని అన్న పట్టుబట్టి బయల్దేరాడు. దారిలో పడున్నా ఆ మాయ ఉంగరం తీసుకోను అన్న ఫరామిర్, అది చేతికందేంత దగ్గరికొచ్చినా తన మాట మీదే ఉన్నాడు చూడండి, అక్కడ పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలా కూర్చుండిపోయా. 2002 సినిమా ఆ మనిషిని పాడుచేసింది.

రీల్‌రాజు: పాడేం చెయ్యలేదండీ. ఎక్స్‌టెండెడ్ వెర్షన్ చూడండి, ఆస్గిలియత్ నగరం గెలిచిన రోజు తండ్రొచ్చి పెద్దోణ్ణి వాటేసుకుంటాడు, చిన్నోణ్ణి తీసిపారేస్తాడు, రివెండెల్‌కి నేను వెళ్తా నాన్నా అన్నా ఒప్పుకోడు. అంత అవమానం పడ్డవాడు ఉంగరం మోసే ఫ్రోడోని పట్టుకెళ్ళకుండా ఎలా ఉంటాడు?

పేజీతిప్పు: అవమానం పుస్తకంలోనూ ఉంది కదా! అన్న బదులు నేను పోయుంటే బాగుండేదంటారా అని కొడుకు అడిగితే అవునన్న తండ్రి అతను. అలాంటి తండ్రి ఉన్నా ఉంగరం తీసుకోలేదు, గొప్పతనమంతా అదే. మీరు చదవకుండా మాట్లాడుతున్నారు.

రీల్‌రాజు: చదివానో లేదో మీకెలా తెలుసు? మర్యాదగా మాట్లాడండి.

పాలమూరు_నడిపోడు: ఫరామిర్ నడిపోడే కాదు, ఇద్దర్ల చిన్నోడు. అసలు నడిపోడు 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కథల స్టానిస్, పైన రాబర్ట్, కింద రెన్లీ. ఏడాది పొడుగునా స్టార్మ్స్ ఎండ్ కోట కాపాడిండు, తిండి లేక ఎలుకలు తిన్నరు, డావోస్ రాత్రిపూట దొంగ పడవల ఉల్లిగడ్డలు, ఉప్పుచేపలు తెస్తే బతికిన్రు. యుద్ధం అయినంక రాబర్ట్ ఆ కోట తీస్కపోయి రెన్లీకిచ్చిండు. మా నాయిన మంచాన పడ్డ రెండేండ్లు పక్కబట్టలు మార్చింది నేను, పట్నంల ఇల్లు మా తమ్మునికి రాసిండు. స్టానిస్ పండ్లు పటపట కొరుకుతుంటే అందరు నవ్వుతరు, నాకైతే నవ్వు రాలే.

చిత్తూరు_చదువరి: ఆ ఉల్లిపాయలు తెచ్చినాయన వేళ్ళు నరికింది కూడా స్టానిసే కదన్నా, అదేం న్యాయం?

పాలమూరు_నడిపోడు: నైట్ అని వీరుల బిరుదిచ్చి భూమి ఇచ్చిండు, పాత దొంగతనానికి వేళ్ళ కొసలు తీసిండు. దేని లెక్క దానికే. ఆ లెక్క మా ఇంట్ల ఉంటే సాలుతుండె.

పాతకాపు: ఇరవై ఏళ్ళుగా ఇవే చదువుతున్నా, కాస్త వినండి. ఇదంతా ఆస్తి గొడవ. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో భూమి పెద్దోడికి పోయేది, రెండోవాడికి చర్చో కత్తో గతి. ఆ స్టానిస్ సిరీస్‌లో ఒక కిరాయి సైన్యం పేరే 'సెకండ్ సన్స్', వాటా లేని రెండో కొడుకులు పెట్టుకున్నది. అందులోనే సామ్‌వెల్ సంగతి చూడండి, వాడు పెద్దోడు, కానీ తమ్ముడికి కోట దక్కాలని తండ్రే బెదిరించి ఉత్తరాన సరిహద్దు గోడ కాపలాకి తోలాడు. మన జమీందారీల్లోనూ కొన్నిట్లో ఎస్టేటు పంచకూడదు, పెద్దోడికే అంతా, తమ్ముళ్ళకి మనోవర్తి. గోదారిగట్టు గారూ, మీ రాజ్యంలో ఆస్తి ఎవరికి పోతుందో ముందు తేల్చుకోండి, లేకపోతే మీవాడికి ఆకలే ఉండదు.

సీతానగరం: ఇంత దూరం ఎందుకు, మన లక్ష్మణుడు లేడా రెండోవాడు?

పాతకాపు: లక్ష్మణుడు మూడోవాడండీ, వాల్మీకంలో భరతుడే రెండోవాడు. రాజ్యం చేతికొస్తే పాదుకలు పెట్టి నందిగ్రామంలో పద్నాలుగేళ్ళు కూర్చున్నాడు.

చిత్తూరు_చదువరి: రాబిన్ హాబ్ 'ఫార్సీర్' నవలల్లోని వెరిటీ పేరు ఎవరూ ఎత్తలేదే? అన్న షివల్రీ తప్పుకుంటే బరువంతా ఇతని మీద పడింది, కిటికీ దగ్గర కూర్చుని మనసుతోనే శత్రువుల ఓడల్ని దారి మళ్ళించీ మళ్ళించీ చిక్కి సగమైపోయాడు. చివరికి రాతి డ్రాగన్ చెక్కి అందులోకే వెళ్ళిపోయాడు.

రీల్‌రాజు: నేను రెండో భాగంలో ఉన్నా! చివర చెప్పేస్తే ఎలాగండీ, ఒక హెచ్చరికైనా పెట్టొద్దా?

చిత్తూరు_చదువరి: 1997లో వచ్చిన పుస్తకం సార్. అయినా తప్పే, సారీ.

గోదారిగట్టు: మనోవర్తి మాట నాకు పనికొచ్చింది. నిన్న రాత్రి నాలుగో చాప్టర్ కదిలింది, పంటలు ఇంటికొచ్చాక అన్న దివాణం మెట్ల కింద నిలబడి, గుమాస్తా లెక్కపెట్టిచ్చే నాణేలు పైపంచెలో పట్టుకుంటాడు. పేర్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

పాలమూరు_నడిపోడు: రెండు నాణేలు తక్కువ రావాలె తమ్మీ. వాడు చూసి గూడ అడగొద్దు. మేం అడగం.

పేజీతిప్పు: రీల్‌రాజు గారూ, ఫరామిర్ మీద నేనన్న మాటకి మీరింకా జవాబివ్వలేదు.